దొరగారి గుర్రు మాన్పించాం

మా కుక్కని ఇంటిల్లిపాదీ దొరగారు అనేవాళ్ళం. గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమనడం వాడి దొరతనం. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళ మీదా అదే గుర్రు. రెండోసారి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. "మంచి ట్రైనర్ని చూడు, లేదా వాణ్ణి ఎవరికైనా ఇచ్చెయ్" అని మా ఆయనకి తెగేసి చెప్పాను.

ఆయన ఊరంతా వాకబు చేసి ఒక మీసాలాయన్ని పట్టుకొచ్చాడు. కుక్క గుర్రుమన్నప్పుడల్లా మెడ గొలుసు పట్టి ఒక్క గుంజు గుంజడం, అంతే ఆయన విద్య. నెల తిరక్కుండా దొరగారి నోరు పడిపోయింది. గిన్నె లాక్కున్నా కిక్కురుమనలేదు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటే, మా ఆయన తనే నేర్పినట్టు మురిసిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున మా ఆరేళ్ళ పిల్ల గిన్నె పక్కకి దొర్లిన బంతి కోసం వంగింది. ఏ చప్పుడూ లేదు. నేను కత్తెర కింద పెట్టి తలెత్తేసరికి దాని బుగ్గ వాడి నోట్లో ఉంది.

పిల్లకి కుట్లు వేయించుకొచ్చాక, పశువుల డాక్టరు చెప్పిన ఇంకో ట్రైనర్ వచ్చింది. గిన్నె పెట్టించి, దూరంగా కూర్చుని చాలాసేపు వాణ్ణే చూసింది.

"ఇదివరకు గుర్రుమనేవాడా?"

"అనేవాడండీ. మాన్పించేశాం," అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఇంకా కాస్త గొప్ప మిగిలే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"దగ్గరికి రావద్దని చెప్పడమండీ అది. చెబితే మెడకి నొప్పి. అందుకని చెప్పడం మానేశాడు. భయం మాత్రం అలాగే ఉంది."

"మళ్ళీ నేర్పలేరా?" అన్నాను.

"నేర్పొచ్చు, నెలలు పడుతుంది. ఈలోగా మళ్ళీ కరవడని, పిల్ల తిరిగే ఇంట్లో నేను పూచీ పడలేను. నా దగ్గరా చోటు లేదు. పసిపిల్లని కరిచినవాణ్ణి ఇంకెవరూ తీసుకోరమ్మా."

మా ఆయన తల వంచుకున్నాడు. ఎవరో ఒకరు అనాలి కాబట్టి, సూదితో వాడి ప్రాణం తీయించేద్దామన్న మాట నేనే అన్నాను. అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

పశువుల డాక్టరు గదిలో బల్ల ఎక్కమంటే వాడు ఎక్కాడు. "చెయ్యి ఇవ్వు" అంటే ముందుకాలు ఎత్తి ఇస్తాడు, అది మా పిల్ల నేర్పిన ఆట. మా ఆయన అడిగాడు. వాడు తోక ఊపుతూ ఇచ్చాడు. డాక్టరు ఆ కాలికే సూది గుచ్చాడు.