ఇద్దరి బరువునకు గూర్చిన బండి

మార్గశిరమాసపు ఉషఃకాలమున తూర్పుకనుమల శిఖరపరంపరలను క్షీరధవళమైన తుహినపటలము గప్పియుండగా కొండవాలుల బూచిన వలిసెచేల పసిడివన్నె ఆ మంచుతెర వెనుకనుండి దీపప్రభవలె మందమందముగా వెలికి దోచుచుండెను. అరుణఫలభారమున వంగిన కాఫీకొమ్మలనుండి హిమబిందువులు జాఱు సవ్వడియు అదృశ్యమైన లోయయడుగున బాఱు సెలయేటి ఘోషయు దక్క మఱియొక ధ్వని లేని ఆ వేళ పాడేరు కనుమదారి మలుపొకదానికడ నొక మోటారుసైకిలు నిలిచిపోయియుండ దానిప్రక్క నొక మనుష్యుడు మోకాళ్లపై గూరుచుండి స్పార్కుప్లగ్గును విప్పి చూచుచుండెను. ప్లగ్గుమొన కాటుకవలె నల్లబడియుండెను. దానినుండి కాలని పచ్చిపెట్రోలు వాసన వెడలుచుండెను.

ఆతని పేరు పైడిరాజు. తాతయు దండ్రియు గోనెమిల్లులో బస్తాలు మోసిన వంశమున మొట్టమొదట పట్టభద్రుడైనవాడు. కొండమీది గురుకులపాఠశాలలో గణితోపాధ్యాయుడై యెవ్వరే పని చెప్పినను అది తనకు విధింపబడిన ధర్మమని తలంచి నెఱవేర్చు స్వభావము గలవాడు. ఆ స్వభావమే యాతనికి గౌరవమును సంపాదించెను. స్నేహితులను మాత్రము సంపాదింపలేదు, ఒక్కనిని దక్క.

ఆ యొక్కడు వ్యాయామోపాధ్యాయుడైన సన్యాసినాయుడు. విశాలవక్షుడు, స్థూలకాయుడు, నిరంతరభాషి. ఒకే వసతిగృహమున నివసించుచు వండిన కూర యొకటే పంచుకొనుచు నుండిన ఆ యిద్దఱును ఒక పాత మోటారుసైకిలును గొని సెలవుదినముల నెల్ల దానిని విప్పుటయందును బిగించుటయందును గడపి సిలిండరు వెడల్పుచేయించి సైలెన్సరు మార్పించి పెద్ద కార్బురేటరు నమర్చి దాని పుట్టుకరూపమును దానికే మఱపించిరి. కార్బురేటరులో పెట్రోలు పాఱు సన్నని యిత్తడిరంధ్రమునకు జెట్టని పేరు. రంధ్రము పెద్దదైన ఇంధన మధికముగ బాఱి బరువును లాగు బలము గలుగును. లాగవలసిన బరువు లేనిచో నదే యింధనము కాలక మిగిలి మసియై ప్లగ్గును గప్పును. కొండపై గాలి పలుచనగుటచే నా దోషము మఱింత ప్రకోపించును. ముందొకడు తోలుచుండ వెనుక నాయుడు కూరుచుండి కనుమ యెక్కవలసిన బండియగుటచే వారు దానికి పెద్దజెట్టే పెట్టించిరి. ఎక్కునంతసేపును నాయుడు పైడిరాజు చెవియొద్ద బెద్దగొంతుకతో బడిముచ్చట్లు చెప్పుచునే యుండెడివాడు.

జ్యేష్ఠమాసమున నాయునికి మైదానమునకు బదిలీ యయ్యెను. సామాను వ్యానులో కెక్కించిన పిదప నాతడు మోటారుసైకిలు వెనుకసీటు దట్టుచు ననెను.

“ఎంత దూరం బావా, అనకాపల్లే కదా. ఆదివారం ఆదివారం వచ్చేత్తాను. నా సీటు ఎవులికీ ఇచ్చీకు.”

అది హాస్యము. పైడిరాజు దానిని ఆజ్ఞగా గైకొనెను. దారిలో జేయెత్తిన తోటి యుపాధ్యాయులను సయితము ఏదియో మిషచెప్పి యెక్కించుకొనక వర్షఋతువును శరదృతువును నొంటరిగా గడపెను. నాయుడు రాలేదు. ఫోనులు మాత్రము మొదట దఱచుగాను పిదప అరుదుగాను వచ్చెను. ఇంధన మిద్దఱికి బాఱుచుండ బండి యొక్కని మోయుచుండెను.

ఆ యుదయమున ప్లగ్గును గుడ్డతో దుడిచి ఎట్లో బండిని వాలున దిగజార్చుకొని పైడిరాజు కనుమమొదట నున్న అసిరియను వాని మెకానిక్కుషాపు జేరెను. అసిరి ప్లగ్గును వెలుతురున కెత్తి చూచెను.

“ఏటి మాస్టారూ, మళ్లీ ఆగిపోనాదా? ఇది ప్లగ్గా, పొయ్యిలో బొగ్గా? ఇంతకీ బండి తోలీది సింగిలా, డబుల్సా?”

ఒక్కడే తోలిన సింగిలు, వెనుక మఱియొకనిని గూర్చుండబెట్టుకొన్న డబుల్సు. ఆ ప్రాంతపు షాపులలో ప్రతివానిని ప్రతిదినమును నడుగు ప్రశ్నయే యది. దాని కుత్తరము చెప్పుటకు క్షణమైనను బట్టదు.

“డబుల్సే,” అని పైడిరాజు చెప్పెను. ఆ మాట యసత్యమని చెప్పునపుడాతనికి దోపలేదు.

అసిరి తల గోకికొనెను. “డబుల్సయితే ఇంత మసి రాకూడదే. ఎనకాల కూకునేవోరు గాల్లో కూకుంతన్నారేటి?”

పైడిరాజు నవ్వలేదు. అసిరియు నింక బరిహసింపక చేయి తుడుచుకొని బేరమునకు దిగిన వర్తకునివలె జెప్పదొడగెను.

“సింగిలైతే సిన్న జెట్టేసి, లోపల పెట్రోలు తగ్గించీ సూదినో మెట్టు దింపేత్తాను. డబుల్సయితే ఇదే ఉండనీండి, ప్లగ్గులు మార్సుకుంటా ఉండండి. అదీ ఇదీ ఒద్దంటే ఇంజెక్షన్ కిట్టు పెట్టించీండి. కార్బురేటరు పీకి పారేడమే. ఎవులెక్కారో ఎవులు దిగారో దానికే తెలిసిపోద్ది. మనల్నేటీ అడగదు.”

ఎవ్వరినీ యేమియు నడుగని యంత్రమను మాట పైడిరాజునకు గొప్ప విశ్రాంతివలె వినబడెను. తాను నోరు దెఱవనక్కఱలేకయే యున్నవారిని లేనివారిని అదియే లెక్కించుకొని తదనుగుణముగా బెట్రోలు పోసికొనును గదా. కాని యసిరియే మరల బెదవి విఱిచెను. “ఈ ముసిలి బండి కరెంటు ఆ కిట్టుకి సాల్దనుకోండి. కొండమీద ఆగిందంటే బాగుసేసీవోడు కూడా లేడు.”

“ఆదివారం దాకా ఇలాగే ఉండనీ,” అని పైడిరాజు చెప్పెను. “మావోడు వస్తన్నాడు.”

అది నిజమే. ఆదివారము ప్రొద్దున కనుమమొదట నుండుమని నాయుడు ముందునాటి సాయంకాలమే ఫోనుచేసియుండెను. నాయుడు వెనుకసీటెక్కునేని పెద్దజెట్టే న్యాయము. ఎక్కనిచో నది యిన్నాళ్లును వృథాగా మండిన యాశ. నిర్ణయము తన చేతిలో లేదని తలంచి పైడిరాజు నాలుగుదినములు సుఖముగా నిద్రించెను.

ఆదివారము క్రొత్తప్లగ్గు బిగించి సీటు నీళ్లతో గడిగి యారబెట్టి రెండవ హెల్మెట్టు తెచ్చి యాతడు షాపుముందర నిలిచెను. బస్సులు వచ్చెను, పోయెను. దిగినవారిలో నాయుడు లేడు. పిమ్మట నొక తెల్లని కారు వచ్చి యాతనిప్రక్కనే యాగెను. అద్దము దిగెను.

“బావా, ఎంతసేపయింది వచ్చి?”

నాయుడు కారు దిగి యాతనిని గౌగిలించుకొనెను. ఆ గౌగిలిలో గపటము లేదు. కారులో, మొదటినుండియు మైదానముననే యుండిన యాతని భార్య గిరిజయు, ఆమె యొడిలో నిద్రించు చిన్నబిడ్డయు నుండిరి.

“బాగా చిక్కిపోనారు అన్నయ్యగారూ,” అని గిరిజ పలుకరించెను. “కేరేజీ తెచ్చాను. పైన ఎక్కడన్నా కూర్చుని తిందాం.”

“ఇంకా దీన్నే తోల్తన్నావేటి,” అని నాయుడు మోటారుసైకిలు చుట్టును దిరుగుచు ననెను. “నడుం ఇరిగిపోద్ది. దీన్నిక్కడ పడేసి కార్లో ఎక్కీ బావా. ఎనకసీటంతా కాళీయే.” పిదప బెట్రోలుటాంకిని వాత్సల్యముతో దట్టి నవ్వెను. “దీనికింకా నా బరువు గుర్తుందేటి?”

“ఉంది,” అని పైడిరాజు చెప్పెను.

నాయుడు మఱింత గట్టిగా నవ్వెను. తన పూర్వస్నేహితుడు చిరకాలమునకు హాస్యమాడ నేర్చెనని యాతడు సంతసించెను. ఆహ్వానము సత్యమైనది, ఆదరము సత్యమైనది, కారులో జోటును సత్యమైనదే. అయినను ఆ చోటు వేఱు, తాను గాచియుంచిన చోటు వేఱు.

“మీరు పదండి,” అని పైడిరాజనెను. “దీనికి కొంచెం పనుంది. చేయించుకుని వెనకాలే వస్తాను.”

కారు మలుపు దిరుగువఱకు జూచి యాతడు షాపులోనికి వచ్చెను. అసిరి యంతయు జూచియుండెను.

“సింగిలే,” అని పైడిరాజు చెప్పెను.

పరిహాసము చేయదగిన క్షణమున నసిరి పరిహాసము చేయలేదు. “సింగిలైతే తొందరగానే అయిపోద్ది, కూకోండి,” అని మాత్రము పలికి పానా దీసెను. చిన్నజెట్టు బిగించి సూది నొక మెట్టు దింపి ఇంజను మేల్కొల్పి చెవియొగ్గి తృప్తుడై పిమ్మట నఱచేతిలో మెఱయుచున్న పెద్దజెట్టును జూపెను. “దాసుకుంతారా?”

“వద్దు. డబుల్స్ తోలేవాళ్లెవరన్నా వస్తే వెయ్యి.”

దిగిపోయినవారి బరువునకు గూడ నింధనము పోయుచుండుట ప్రేమయే కావచ్చును. మనుష్యుడు దానిని వ్రతమని భావించి నిష్ఠతో జేయగలడు. కాని యంత్రమునకు నిష్ఠ తెలియదు. కాలనిదాని నది మసిగానే తిరిగి యిచ్చును. ఉన్న బరువెంతయో నోరార జెప్పినవానికే యది దారి యిచ్చును.

పైడిరాజు కనుమ నెక్కసాగెను. బండి తడబాటు లేక దగ్గు లేక మునుపెన్నడును లేని సన్నని సమస్వరముతో మలుపువెంట మలుపును గడచుచుండెను. లోయ కనబడు నొక చోట దెల్లనికారు నిలిచియుండెను. నాయుడు బిడ్డ నెత్తుకొని దారియంచు పిట్టగోడయొద్ద నిలిచి దానికేదియో దూరమున జూపుచుండెను. ఆఱేండ్లు తన చేతులతో విప్పి బిగించిన యింజను చప్పుడును ఊరిచివర వినబడినంతనే గుర్తుపట్టగలిగిన యా స్నేహితుడు వెనుకనుండి సమీపించి దాటిపోయిన యీ క్రొత్తధ్వనిని విని తల త్రిప్పలేదు. పైడిరాజు హారను మ్రోగించుటకు బొటనవ్రేలెత్తి మరల దించుకొనెను. ముందుకు బోయి నిలుపవచ్చును, కేరేజీవేళకు గలియవచ్చును. ఆతడట్లే చేయును గూడ, మాట యిచ్చినవాడు గనుక. అంతవఱకు దారి ఖాళీగా నుండెను. హెల్మెట్టులోపల దన యూపిరి తనకు వినవచ్చుచుండెను.