కాజాలాయన

సీసా చుట్టూ కట్టిన నల్లదారాన్ని కాజాలాయన బొటనవేలి గోటితో కాస్త కిందికి జరిపాడు. ఆరు గంటల మోతాదు తీశాక మందు ఎక్కడికి దిగిందో దారం కూడా అక్కడికి దిగాలి. ఆ పని అయ్యాకే చెంచా భార్య నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. ఎడమ అరచెయ్యి ఆమె తల కింద పెట్టి ఎత్తితే ఇదివరకటి బరువులో సగం కూడా లేదు. ఆమె మింగింది. పెదవి చివర జారిన చుక్కను చూపుడువేలితో ఒడిసిపట్టి, ఆ వేలిని తిరిగి ఆమె నాలిక మీదే పెట్టాడు.

"ఇవాళ నీలంది వేసుకుంటానండీ. పెట్టెలో అడుగున ఉంటుంది, కాస్త తీసి పెట్టండి," అంది ఆమె.

అతను పెట్టె తెరిచి నీలం గౌను తీశాడు. మడతలు పోయేలా రెండుసార్లు విదిలించి కుర్చీ వీపుకు వేలాడదీశాడు. అది ఇప్పుడామెకు వదులవుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆరు నెలల కింద ఆమె కడుపులో గడ్డ ఉందని తేలింది. ఆసుపత్రిలో కోశారు, చూశారు, దేన్నీ ముట్టుకోకుండా మళ్లీ కుట్టేశారు. కట్టు విప్పిన రోజున కాజాలాయన ఆ కుట్ల వంక చాలాసేపు చూశాడు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం సమానంగా లేదు. మరీ ఇంత అశ్రద్ధా అనుకున్నాడు గానీ డాక్టరుతో అనలేదు. డాక్టరు మాత్రం అతనికి అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. ఇక చెయ్యగలిగింది నొప్పి తెలియకుండా చూడటమే. నాలుగు గంటలకోసారి ఈ మందు. నొప్పి మొదలయ్యాక పోస్తే పట్టుకోదు, రాకముందే పొయ్యాలి. కాజాలాయన ఆ ముక్కను పట్టుకున్నాడు. అతని చేతికి అందే పని అదొక్కటే.

ఏడింటికి బేకరీ ఆవిడ వచ్చింది. ఒళ్లంతా పిండివాసన. వస్తూనే చేతులు కడుక్కుని, దుప్పటి మార్చి, మాసిన దుప్పటిని సబ్బునీళ్లలో వేసింది. ప్రార్థనా సమాజం వాళ్లు వంతులు వేసుకున్నారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం నలుగురైదుగురు. ఒకరు వంట తెస్తారు, ఒకరు ఒళ్లు తుడుస్తారు, ఒకరు పక్కన కూచుని ప్రార్థన చదువుతారు. వాళ్లే లేకపోతే కాజాలాయన పని మానుకుని ఇంట్లో కూచోవలసిందే. వాళ్లందరి కాళ్లకూ దండం పెట్టినా తక్కువేనని అతను నిజంగానే అనుకునేవాడు.

వీధి చివర ప్రార్థనా మందిరం ఉంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో భార్యాభర్తలు ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారేమో. జబ్బు సంగతి తెలిసి వాళ్లంతట వాళ్లే వచ్చి తలుపు తట్టారు. ముందుగా వచ్చింది పెద్దక్క. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఇంట్లో ఎవరిని చూసినా క్లాసులో పిల్లల్ని చూసినట్టే చూస్తుంది. ముప్పై రోజుల దీక్ష పట్టాలని, ముప్పయ్యో రోజున రోగి తనకు నయమయిందని అందరి ముందూ తన నోటితో చెప్పాలని నిర్ణయించింది ఆవిడే. ఇవాళ ముప్పయ్యో రోజు.

కాజాలాయన భార్య దీనికి ఒప్పుకున్నది భయపడి కాదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమెను ఎలా ఉన్నావని అడిగినవాళ్లు తక్కువ. కడుపులో నిలిచిన ఒక్క బిడ్డా ఏడోనెలలో పోయినప్పుడు కూడా మూడోరోజుకల్లా ఆమె మళ్లీ షాపులో అంచులు మడిచి కుడుతూ కూచుంది. ఇప్పుడు ముప్పైమంది ఆడవాళ్లు ఆమె పేరు ఎత్తి కళ్లు మూసుకుంటున్నారు. ఆమె మొహంలో ఒక వెలుగు వచ్చింది. అది జబ్బు వెలుగో, సంతోషపు వెలుగో కాజాలాయనకు తెలిసేది కాదు.

"పదింటికి ఒకటి, రెండింటికి ఒకటి," అని బేకరీ ఆవిడకు చెంచా చూపించి చెప్పాడు. రోజూ చెప్పేదే. ఆవిడ తలాడించింది గానీ ఇవాళ అతని కళ్లలోకి చూడలేదు.

టైలరు షాపులో వెనకగది అతనిది. గదంటే గది కాదు, గుడ్డల తానులు పేర్చగా మిగిలిన సందు. కిటికీ పక్కన ఎత్తుపీట, ఒళ్లో చెక్కపలక, పలక మీద మైనపుముద్ద, చిన్న ఉలి. ముప్పయ్యొక్క ఏళ్లుగా అతను చేసే పని ఒకటే, కోట్లకు కాజాలు. సుద్దతో గీత గీసి, ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టి కోస్తాడు. దారాన్ని మైనం మీద లాగి, కోసిన అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోతాడు. ఒక కాజాకు పద్దెనిమిది నిమిషాలు. కోటు వేసుకున్నవాడు దాన్ని ఎన్నడూ చూడడు. బొత్తాం పెట్టుకున్నాక అది కనపడదు.

"ముప్పై ఏళ్లుగా కన్నాలేస్తున్నాడు, ఒక్కసారి కూడా పోలీసులకి దొరకలేదు," అని కటింగు మాస్టరు కొత్తగా వచ్చిన ప్రతి ఖాతాదారుకూ చెప్పేవాడు. ఇవాళ కూడా చెప్పాడు. కాజాలాయన ఎప్పటిలాగే నవ్వాడు. మాస్టరు ఐదేళ్లుగా అని చెప్పే రోజుల్లో మొదటిసారి ఆ మాటకు పగలబడి నవ్వింది ఆమె. అప్పుడామె ఎదురుపీట మీద కూచుని పంట్లాముల అంచులు కుట్టేది. ఆ నవ్వు విని సూది వేలికి గుచ్చుకుంటే కాజాలాయన రక్తం నోట్లో పెట్టుకుని ఆమె వంక చూశాడు. ఆ ఏడే పెళ్లయింది. అతని జీవితంలో చెప్పుకోదగ్గ తొందరపాటు అదొక్కటే.

పదయింది. ఇప్పుడు పోసి ఉంటుంది అనుకున్నాడు. రెండయింది. ఇప్పుడు పోసి ఉంటుంది అనుకున్నాడు. రెండున్నరకు చేతిలోని కోటు ఆఖరి కాజా ముగించి, యజమాని దగ్గర నిలబడి, సాయంత్రం ఇంట్లో ప్రార్థన ఉందని, పోవాలని గొణిగాడు. యజమాని కొలత టేపు మెడలోంచి తీయకుండానే, పోయిరా, రేపు పెళ్లికొడుకు కోటు ఉంది, తొందరగా రా అన్నాడు.

మూడింటికి ఇల్లు చేరేసరికి తన ఇంటి గుమ్మం దగ్గర తనకే చోటు లేదు. గదిలో మంచం గోడవారకు నెట్టేశారు. మధ్యలో చేతుల కుర్చీ వేసి అందులో ఆమెను కూచోబెట్టారు. నీలం గౌను భుజాల దగ్గర జారిపోతుంటే ఎవరో వెనక పిన్నీసులు పెట్టారు. జుట్టు దువ్వారు. మొహాన పౌడరు రాశారు. ఆ పౌడరు మీద చెమట గీతలు కట్టి జారుతోంది. చుట్టూ ఆడవాళ్లు, వెనక గోడకానుకుని మగవాళ్లు, పక్క వీధుల నుంచి వచ్చిన కొత్త మొహాలు.

ఆమె కింది పెదవిని లోపలికి లాక్కుని పళ్లతో నొక్కిపట్టింది. అది చూడగానే కాజాలాయనకు తెలిసిపోయింది. జనాన్ని తప్పించుకుంటూ అలమర దాకా వెళ్లి సీసా తీశాడు. మందు సరిగ్గా దారం దగ్గరే ఉంది. పొద్దున అతను ఎక్కడ వదిలాడో అక్కడే.

బేకరీ ఆవిడ పక్కకు వచ్చి, పెద్దక్క వద్దందని నేల చూస్తూ చెప్పింది. మందు పడితే మగతగా ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది, ఇవాళ అలా ఉండకూడదంది. మందు ఆపడానికి తనకు మాత్రం మనసొప్పలేదని చెప్పుకుంది.

కాజాలాయన సీసా, చెంచా పట్టుకుని కుర్చీ దగ్గరికి నడిచాడు. పెద్దక్క తన పెద్ద మెత్తని అరచెయ్యి అతని చేతి మీద వేసింది.

"ఇంకో గంటే తమ్ముడూ. ముప్పై రోజులు ఓర్చుకుంది. గంటసేపు మనం ఓర్చుకోలేమా?"

"రెండు మోతాదులు తప్పాయక్కా. నొప్పి లేచాక మందు పట్టుకోదని డాక్టరుగారు..."

"డాక్టరు చేతులెత్తేశాడనే కదా దేవుడి దగ్గరికి వచ్చాం."

అతను భార్య వంక చూశాడు. ఆమె ఊ అంటే పెద్దక్క చెయ్యి తోసేసేవాడేమో. ఆమె సీసా వంక చూసింది. చుట్టూ ఉన్న మొహాల వంక చూసింది. ఆ మొహాలన్నీ ఆమె కోసం వచ్చినవే.

"ఉండనీండి," అంది.

అతను సీసాను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కడే నిలబడి ఉంటే బాగుండేది. నిలబడలేకపోయాడు. కుర్చీలు చాలవు, మందిరం నుంచి తేవాలని ఎవరో అంటే, నేను తెస్తానని బయటికి వచ్చేశాడు. చేతులకు పని దొరికితే అతనికి ఊపిరాడుతుంది.

ఒక్కోసారికి నాలుగేసి మడతకుర్చీలు, రెండు చంకల్లో రెండేసి. మొదటి విడత తెచ్చేసరికి పాట మొదలయింది. రెండో విడతకు పాట ఆగింది, అతను కిటికీ బయటే ఆగిపోయాడు. ఇద్దరు ఆమెను చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆమె నిలబడింది. నెల తర్వాత తన కాళ్ల మీద నిలబడింది.

"నాకు నొప్పి లేదు," అంది. గొంతు స్పష్టంగా ఉంది. "దేవుడు తీసేశాడు."

గది అంతా ఒక్కసారి ఏడ్చింది. ముసలివాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. గోడవారన నిలబడ్డ మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆమె అబద్ధమాడుతోందని ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కడే, వాడు కిటికీ బయట కుర్చీలు మోస్తూ ఉన్నాడు. ఆ క్షణాన అతనికి భయంతో పాటు గర్వం కూడా కలిగింది. ఇంతమందిని ఏడిపించగల మనిషి తన భార్య అనుకున్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్లు బతికినా ఆ గర్వాన్ని అతను క్షమించుకోలేడు.

మళ్లీ పాట అందుకున్నారు. ఈసారి పెద్దగా, చప్పట్లతో. అతను మూడో విడతకు వెళ్లాడు.

తిరిగి వచ్చి గుమ్మంలో కాలు పెట్టేసరికి పాట మూడో చరణంలో ఉంది. తలల మధ్య సందులోంచి కుర్చీ కనపడింది. ఆమె తల కొంచెం పక్కకు వాలి ఉంది. కింది పెదవి పళ్ల మధ్య నుంచి వదులై బయటికి వచ్చింది. చంకల్లో కుర్చీలతో అతను అలాగే నిలబడ్డాడు. అరవాలనుకున్నాడు, పాట మధ్యలో అరవడం ఎలాగో తెలియలేదు. మిగతావాళ్లు ఆ చరణం, దాని తర్వాత ఇంకో చరణం కళ్లు మూసుకునే పాడారు. పాట అయ్యాక పెద్దక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు తెలిసింది అందరికీ.

కుర్చీ పక్కన నేల మీద కూచున్న పడుచామె ఏడుస్తూ కాజాలాయన దగ్గరికి వచ్చింది.

"మిమ్మల్ని పిలవమంది అన్నయ్యా. మీతో చెప్పమని ఏదో అంది కూడా. చప్పట్లలో నాకు వినపడలేదు."

"ఏమంది?"

"వినపడలేదన్నయ్యా."

అతను తలాడించాడు. కుర్చీలు ఒక్కొక్కటే దించి గోడకు ఆనించాడు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ సమాజం వాళ్లే చేశారు. ఒకరు డాక్టరును పిలుచుకొచ్చారు, ఒకరు వ్యాను కోసం వెళ్లారు, బేకరీ ఆవిడ వెక్కుతూనే ఆమె మొహానున్న పౌడరు తుడిచింది. పెద్దక్క మాత్రం కూచున్నచోటి నుంచి కదల్లేదు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముప్పై రోజులూ ఆవిడ ఒంటిపూట తిన్న సంగతి అందరికీ తెలుసు. చివరికి కాజాలాయనను పిలిచి పక్కన కూచోబెట్టుకుంది.

"ఆమె విశ్వాసంలో లోటు లేదు. మనమంతా చూశాం, మన చెవులతో విన్నాం," అంది. "నీ మనసులో ఏ మూలైనా అనుమానం ఉండిందా తమ్ముడూ? దాచుకోకు."

జేబులో సీసా గుండెకు ఒత్తుకుంటోంది. ముప్పై రోజులూ అతను నమ్మింది డాక్టరు మాటనే. పొద్దున కూడా దారం జరిపాడు. అక్కా, మీరు ఆమెకు మందు పడనివ్వలేదు అని అనవచ్చు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ సీసా పట్టుకుని కుర్చీ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది తనే.

"ఉందక్కా," అన్నాడు.

గదిలో చాలామంది ఒక్కసారే ఊపిరి వదిలారు. బరువు దింపుకోవడానికి వాళ్లకు ఒక చోటు దొరికింది. పెద్దక్క అతని తల మీద చెయ్యి పెట్టి, నేను క్షమించాను తమ్ముడూ, దేవుడూ క్షమిస్తాడు అంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. గోడవారన ఉన్న మగవాళ్లు, పక్క వీధుల వాళ్లు, వినపడలేదన్న పడుచామె, అతని పేరు కూడా తెలియనివాళ్లు. అందరూ అతని తల మీద చెయ్యి పెట్టి అతన్ని క్షమించారు. బేకరీ ఆవిడ ఒక్కతే చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. అతను తల వంచుకుని కూచుని ఆ చేతులన్నీ భరించాడు. ఒక్క చెయ్యి కూడా కరుకుగా లేదు.

ఇల్లు చాలదు, రేపటిదాకా మందిరంలోనే ఉంచుదాం, అందరూ చూసుకోవచ్చునన్నారు. అతన్ని అడిగారు కూడా, అతను సరేనన్నాడు. ఇంకా వెలుతురు ఉండగానే వ్యాను వచ్చింది. ఆమెను నీలం గౌనుతోనే ఎక్కించారు. ఆమెకు అటూ ఇటూ పెద్దక్క, మరో నలుగురు ఎక్కాక తలుపు దగ్గర కాలు పెట్టే సందు లేదు.

"చోటు లేదు తమ్ముడూ. నాలుగడుగులే కదా, నువ్వు వెనకాల నడిచి రా," అంది పెద్దక్క.

మిగిలినవాళ్లు తలో రెండు కుర్చీలు మడిచి పట్టుకుని వ్యాను వెనక పాడుకుంటూ నడిచారు. కాజాలాయన లోపలికి వెళ్లి దీపం ఆర్పి, కిటికీ మూసి, తాళం తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు తొడుక్కోబోయి ఆగాడు. తన జత పక్కన ఎప్పుడూ ఉండే ఆమె చెప్పులు లేవు. ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ తొడుక్కోని కొత్త చెప్పులు, జనంలో తడుముకుని ఎవరో వేసుకుపోయినట్టున్నారు. వాటి చోట ఎవరివో పాత చెప్పుల జత ఉంది. ఎడమదాని పట్టీ తెగితే తాడు కట్టారు, మడమలు అరిగి గుంటలు పడ్డాయి, అట్టల మీద ఐదేసి వేళ్ల అచ్చులు నల్లగా, ఇంకా కొంచెం చెమట తడితో ఉన్నాయి.