కదలని అంకె

గొర్రెల దొడ్డిలో జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి ఆ ఏడు మంద దింపుకు కేతిల్‌ను ఎవరూ పిలవలేదు. వేసవంతా కొండల్లో వదిలేసిన లోయ గొర్రెలన్నిటినీ చలి ముదరకముందే కిందికి తోలుకురావాలి. తెల్లవారగానే అతని భార్య స్టైన్వోర్ బూడిదరంగు గుర్రానికి జీను బిగించింది.

"నువ్వు ఇంట్లో కూచుని నీ అంకెకి కాపలా కాయి. పారిపోకుండా చూడు."

"జాగ్రత్తగా పోయిరా. జారుతుంది."

"జారింది నువ్వు. నేను కాదు," అని గుర్రాన్ని కదిలించింది.

అంకె అంటే గ్రుగ్గా నది లోతు. ఆ నది మంచుకొండ కడుపులోంచి పుట్టి, బూడిద కలిపినట్టు మడ్డిగా, లోయ పొడుగునా పారుతుంది. ఎగువన లోయ ఇరుకైన చోట బండకు ఒక పెట్టె బిగించాడు కేతిల్. అందులో లోతు కొలిచే పరికరం, అరచేతిలో పట్టే కంప్యూటరు, మోడెం. అక్కడినుంచి అంకె నెట్ మీద ఇంట్లో కంప్యూటరుకు, ఇంటినుంచి లోయలో అందరి ఫోన్లకూ పోతుంది. గాలి లేచిందంటే నెట్ పోయేది. ఫోన్లలో అంకె ఉండాల్సిన గడి ఖాళీ అయ్యేది. గడి ఖాళీగా ఉన్నంతసేపూ ఎవరూ నీళ్ళలో కాలు పెట్టేవారు కాదు. ఒడ్డున నిలబడి కేతిల్‌ను తిట్టేవారు. మంద పెద్ద బ్రాందుర్ ఫోన్ చేసి మరీ అడిగేవాడు.

"ఏమయ్యా, నీ నదికి నోరు పడిపోయిందా? ఇక్కడ మా గొర్రెలు ముసలివైపోతున్నాయి."

కేతిల్ తిరిగి మాటనే మనిషి కాదు. చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూచుని కంప్యూటర్లకు ఆదేశాల స్క్రిప్టులు రాశాడు. ఒకటి పెట్టెలోని కంప్యూటరుకు. మాటిమాటికీ బయటి లోకాన్ని పిలిచి చూడాలి, పలక్కపోతే మోడెం ఆర్పి మళ్ళీ వెలిగించాలి. అది బాగా పనిచేసింది. నెట్ పడినా నిమిషంలో లేచి కూచునేది. ఆ నిమిషం ఖాళీ మాత్రం ఎందుకని ఇంటి కంప్యూటరుకు ఇంకొకటి రాశాడు. కొత్త అంకె రాకపోతే, వచ్చేదాకా పాతదే చూపించాలి. ఎంతసేపటిదాకా అన్నది రాయలేదు. నిమిషం కోసం రాసినదానికి ఆ ఆలోచనే రాలేదు.

తిట్లు ఆగిపోయాయి. బ్రాందుర్ పొగబెట్టిన గొర్రె తొడ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టి పోయాడు.

మధ్యాహ్నం దాటాక కేతిల్ కాలు బల్లమీద చాపుకుని కిటికీ దగ్గర కూచున్నాడు. ఒళ్ళో దూరదర్శిని, పక్కన కంప్యూటరు. ఒకటీ ఇరవై, అంటోంది కంప్యూటరు. మీటరూ ఇరవై. గుర్రాలకు అదొక లెక్క కాదు. అవతలి ఒడ్డున మంద కొండ దిగుతోంది. ఇంత దూరం నుంచి కొండమీద పాలు ఒలికినట్టుంది.

అప్పుడు కంపు కొట్టింది. కుళ్ళిన గుడ్డు కంపు.

మొదట పొయ్యివైపు చూశాడు. పొయ్యిమీద ఏమీ లేదు. గాలి నది మీంచి ఇంటివైపు వీస్తోంది. కిటికీ తెరిచి చెవి పెట్టాడు. నీళ్ళ హోరు కింద ఇంకో చప్పుడు వినబడింది. నది అడుగున పెద్ద రాళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ దొర్లుతున్నాయి. మంచు కింద ఎక్కడో నీళ్ళు నిండి, బరువు ఆగక దారి చేసుకున్నప్పుడు గ్రుగ్గా ఇలా కంపు కొడుతుంది, ఇలా పళ్ళు కొరుకుతుంది. చిన్నప్పుడు ఒకసారి విన్నాడు. ఆ రాత్రి పోయిన పంటభూమిలో ఇప్పటికీ గడ్డి మొలవలేదు.

తెరవైపు చూశాడు. ఒకటీ ఇరవై.

ఆ అంకె చూసి గుండె కుదుటపడింది. ఆ కుదుటపడడమే అతనికి తర్వాత తలుచుకుంటే చెమట పట్టించేది. గ్రుగ్గా ఒక కప్పు కాఫీ తాగినంతసేపు కూడా ఒక అంకెమీద నిలబడదు. ఎండ తగిలితే ఒక వేలు పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది. వచ్చిన అంకెల వరుసను వెనక్కి జరిపి చూశాడు. ఒకటీ ఇరవై. ఒకటీ ఇరవై. ఎంత వెనక్కి పోయినా అదే.

పెట్టె పలికి చాలాసేపయింది.

స్టైన్వోర్‌కు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. బ్రాందుర్‌కు చేశాడు. మంద తోలేటప్పుడు ఫోను ఉన్ని చొక్కా కింద ఉంటుంది. గొర్రెల అరుపుల్లో ఎవరికి వినబడుతుంది? గట్టుమీదికి రాగానే పెద్ద ఒక్కడే ఫోను తీసి, అంకె చూసి, పైకి కేకేస్తాడు. అప్పుడు అందరూ దిగుతారు. అది వాళ్ళ పద్ధతి. దూరదర్శినిలో బ్రాందుర్ చెయ్యి లేచింది. కేక ఇక్కడికి వినబడకపోయినా ఏమని కేకేశాడో కేతిల్‌కు తెలుసు.

మంద నీళ్ళలో దిగింది.

అక్కడ నది రెండు పాయలు. అవతలిది చిన్నది, ఇవతలిది పెద్దది, మధ్యలో గులకరాళ్ళ దిబ్బ. దిబ్బమీద ఆగి అంకె ఇంకోసారి చూస్తారు. కేతిల్ రెండో స్క్రిప్టు ఆపేశాడు. గడి ఖాళీ అయింది. ఖాళీగా ఉంటే ఎవరూ దిగరు. వెనక్కి పోతారు.

బ్రాందుర్ దిబ్బమీద ఫోను చూశాడు. పక్కవాళ్ళకు చూపించాడు. ఎవరో నవ్వినట్టుంది. తర్వాత అందరూ గుర్రాలు దిగారు. ఒకరు ఫ్లాస్కు తీశారు. స్టైన్వోర్ రాళ్ళమీద కూచుని చేతి తొడుగులు విప్పింది.

నెట్ పోయింది, నిమిషంలో కేతిల్ లేపుతాడు అనుకుంటున్నారు. చలికాలంనుంచి గడి ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు మరి.

ఆమెకు మళ్ళీ ఫోన్ చేసినా గొర్రెల గోలలో వినబడలేదు. ఇంకొకటే మిగిలింది. అంకె ఒక హద్దు దాటితే అందరి ఫోన్లూ ఒక్కసారే ఊళ పెడతాయి. కానీ ఎంతని వెయ్యాలి? కొలవని లోతును కొలిచినట్టు రాయడానికి చెయ్యి రాలేదు. మధ్యాహ్నంనుంచి తన కంప్యూటరు చేస్తున్నది అదే పని అని తట్టాక, తొమ్మిది అని కొట్టాడు.

దిబ్బమీద మనుషులు ఉలిక్కిపడి లేచారు. స్టైన్వోరే ఫోన్ చేసింది.

"తొమ్మిది మీటర్లేంటి? మిషనుకి పిచ్చెక్కిందా? ఇక్కడ నీళ్ళు గుర్రం పొట్టదాకా కూడా లేవు."

"అది నేను వేసిన అంకె. నీళ్ళొస్తున్నాయి. వచ్చిన దారినే వెనక్కి పొండి."

"గొర్రెలో?"

"వదిలెయ్."

"లోయంతటి బతుకూ ఇక్కడుంది, కేతిల్. వదిలెయ్ అంటే?"

"పెట్టె ఎప్పుడో చచ్చింది. బ్రాందుర్ కేకేసింది పాత అంకె. నాదే తప్పు. తిట్టడం తర్వాత, ముందు గుర్రమెక్కు."

ఆమె తిట్టలేదు. ఫోను కట్ చెయ్యడం మరిచిపోయింది. గాలి, ఆమె అరుపులు, బ్రాందుర్ బూతులు, అన్నీ వంటింట్లో వినబడుతున్నాయి. బ్రాందుర్ ముందుగొర్రెను మళ్ళించాలని గుర్రంమీద దాని చుట్టూ తిరుగుతుంటే, ఆమె అతని గుర్రం కళ్ళెం పట్టి నీళ్ళలోకి లాగింది. వచ్చేటప్పుడు గుర్రాల మోకాళ్ళదాకా ఉన్న పాయ ఇప్పుడు జీనుల్ని తాకుతోంది. మంచుగడ్డలు తేలుతూ వస్తున్నాయి. బూడిదరంగు గుర్రం ఈదడం మొదలుపెట్టింది. తల ఒక్కటే కనబడుతోంది, ఆ తల వెనక ఆమె టోపీ. గుర్రం గట్టు పట్టుకుంది, జారింది, మళ్ళీ పట్టుకుని పైకొచ్చింది. మిగిలినవాళ్ళు అప్పటికే పైనున్నారు.

కాసేపటికి ఫోనులో బ్రాందుర్ గొంతు వచ్చింది. రొప్పుతున్నాడు.

"ఎంత వస్తుంది? దిబ్బ మునుగుతుందా? చెప్పు."

"తెలీదు."

"ఎప్పటికి తగ్గుతుంది?"

"తెలీదు, బ్రాందుర్."

గొర్రెలు దిబ్బ అంచులనుంచి నడిమికి జరుగుతున్నాయి, ఒకదాని వీపుమీద ఒకటి గడ్డం ఆనించి. దిబ్బ తెల్లగా నిండి, చిన్నదవుతోంది. అవతలి గట్టుమీద స్టైన్వోర్ గుర్రం దిగి, ఇంటికి వీపు పెట్టి నిలబడింది.