ఉప్పు చెయ్యి

ఉప్పుమళ్ళ దగ్గర పుట్టిన ఆడదాని చేతిలో ఉప్పు ఊరుతుందనీ, ఆ చెయ్యి తగిలిన దుంప ఉడకగానే విచ్చిపోతుందనీ, దుంప విచ్చిన ఇల్లు కూడా విచ్చిపోతుందనీ పాతపట్నంలో మా చెల్లెలు జగదీశ్వరి ఉండే వీధి వీధంతా నమ్ముతుంది. ముప్పై నాలుగేళ్ళు రసాయనశాస్త్రం బోధించిన నేను నమ్మలేదు. నా అపనమ్మకం వల్ల ఎవరికీ ఉపకారం జరగలేదు.

జగదీశ్వరి కొడుకు హరిచరణ్, నౌపడ ఉప్పుమళ్ళ అవతల సముద్రం మీద వేటకు పోయే నూకయ్య కూతురు దేవిని పెళ్ళాడి తెచ్చాడు. జగదీశ్వరి వాళ్ళది తరాలుగా ఆలయ సేవలో ఉన్న ఇల్లు. కోడలికి పెరటి పాకలో మంచం, పాక ముందు పొయ్యి ఇచ్చారు. వంటగదీ బావీ ఇవ్వలేదు. ఆమె వంటకు నీళ్ళు కూడా మడి కట్టుకున్న అత్తగారే తోడి పోయాలి. ఆ ఇంటి ఆచారం ఒకటుంది: పెరట్లో మొదటి కాపు బంగాళాదుంపల్ని కొయ్యకుండా, చితక్కుండా వండి బంధువులకు వడ్డించిన కోడలికే గడప లోపల చోటు. రెండు శీతాకాలాలు దేవి వండినవి గుజ్జయ్యాయి. మూడోసారీ అంతే అయితే పుట్టింటికి పంపేస్తానని జగదీశ్వరి అందరి ముందూ చెప్పింది. హరిచరణ్ తల దించుకుని విన్నాడు.

ఆ జనవరి ఉదయం మేనమామ హోదాలో నన్నూ పిలిచారు. దేవి తాను నాటి, తాను తవ్విన దుంపల్ని తడిగోనెలో రుద్ది తోలు తీసింది. ఒకే సైజువి ఏరి కుండలో పెట్టింది. మిగిలినవి పళ్ళెంలో ఉంచింది.

"కొత్త దుంప ఇడిపోదు మావయ్యగారూ. మా అమ్మ వండితే గోళీల్లాగుంటాయి. ఇక్కడే ఏటవుతాదో తెలీదు."

"సేతిలోనే ఉన్నాది, ఇంకేటి?" పెరటి అరుగు మీంచి అంది హరిచరణ్ అక్క శ్రీలలిత.

"పోనీ వదినా, ఈ ఒక్కపాలికి నీళ్ళు నాను తోడుకుంటాను."

"వద్దే తల్లీ, బావిలోకి సేపలొచ్చేస్తాయి!"

అందరూ నవ్వారు. జగదీశ్వరి ఇత్తడి బిందె తెచ్చి, కుండ తనకు తగలకుండా పైనుంచి నీళ్ళు పోసింది. దేవి తన తండ్రి పంపిన కల్లుప్పు వేసింది, చిటికెడు పసుపు వేసింది. నీళ్ళు తెర్లకముందే కట్టెలు వెనక్కి లాగింది. గరిటె పెట్టలేదు, గుడ్డతో కుండను పట్టుకుని మెల్లగా కదిపింది. అంతకన్నా జాగ్రత్తగా ఎవరూ వండలేరు.

కాసేపటికి పసుపు నీళ్ళు ఇటుకరంగుకు, ఆపైన కుంకుమరంగుకు తిరిగాయి.

"అమ్మా, నెత్తురు!" శ్రీలలిత అరుగు దిగి వచ్చింది.

"సూశావా అన్నయ్యా?" అంది జగదీశ్వరి. "సైన్సు సైన్సంటావు కదా. ఇదేటో సెప్పు మరి."

దేవి నా వైపు చూసింది. పసుపు ఉప్పులో ఎర్రబడదు, క్షారంలో ఎర్రబడుతుంది. ఆ క్షారమే దుంపను గుజ్జు చేస్తుంది కూడా. ఇది నేను ఏటేటా తొమ్మిదో తరగతికి చెప్పిన పాఠం. అయితే ఒక్క పరిశీలన రుజువు కాదు. బావి నీరే క్షారం కావచ్చు. పరీక్షించకుండా సొంత చెల్లెలిని అనుమానించడం న్యాయం కాదు.

"చూసి చెబుతాను," అన్నాను. ఆ క్షణాన అది నిజాయితీగల మాటగానే తోచింది.

కుండ దించేసరికి లోపల ఎర్రటి జావ. జగదీశ్వరి దాన్ని విస్తరిలో కుమ్మరించి దేవి ముందుకు తోసింది.

"తిను. నీ కాపురం నువ్వే తిను."

బంధువులు చుట్టూ నిలబడ్డారు. దేవి పొగలు కక్కుతున్న ఆ జావను విస్తరి తుడిచేదాకా తింది. నాలుక కాలినప్పుడల్లా ఆగి, మళ్ళీ తింది. ఎవరూ వద్దనలేదు. నేనూ వద్దనలేదు. హరిచరణ్ ఆమె సంచి తెచ్చి గుమ్మం బయట పెట్టాడు.

"ఆటో వచ్చింది," అన్నాడు. రెండేళ్ళు దాటిన కాపురంలో భార్యకు అతను చెప్పిన చివరి మాట అది.

"సూసి సెబుతానన్నారు మావయ్యగారూ," అంది దేవి పోతూ పోతూ.

"చెబుతానమ్మా."

బంధువులు వెళ్ళాక అదే పొయ్యి మీద రెండు కుండలు పెట్టాను. ఒకదానిలో బావి నుంచి నేను తోడిన నీళ్ళు, రెండోదానిలో జగదీశ్వరి బిందె అడుగున మిగిలినవి. రెంటిలోనూ దేవి వదిలిపోయిన ఉప్పు, ఆమె చేత్తో తోలు తీసి పళ్ళెంలో ఉంచిన దుంపలు, చిటికెడు పసుపు. పెరటి వాకిట్లో నిలబడి చూస్తున్న జగదీశ్వరి, రెండో కుండ ఎర్రబడుతుండగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పటికి దేవి ఎక్కిన రైలు టెక్కలి దాటి ఉంటుంది.

మొదటి కుండలో పసుపు పసుపుగానే ఉంది. దేవి చెయ్యి తగిలిన పన్నెండు దుంపల్లో ఒక్కటీ విరగలేదు. బిందెలో ఉన్నది వంటసోడా కలిపిన నీళ్ళు.