స్కీబాట మీద ఇంజను చప్పుడు

మధ్యాహ్నం భోజనాలయ్యాక మార్లిస్ మంచు మీద జారే పొడవాటి పలకలు, స్కీలు, కాళ్ళకు బిగించుకుంది. అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో మంచు పడితే ఇంట్లో కూర్చునే మనిషి కాదామె. చక్కెర జబ్బు చూపును పూర్తిగా తినేసినా మానలేదు. తమ్ముడు ఓరిన్ ముందు సాగుతూ దారి చెబుతుంటే, ఆ గొంతు వెంట జారుకుంటూ పోతుంది.

ఆ అడవిలో ప్రభుత్వం వేసిన బాటలు వేరువేరుగా ఉన్నాయి. మంచు మీద పరుగెత్తే మోటారు బండ్లకు ఒకటి, గుర్రాలకు ఒకటి, స్కీల వాళ్ళకు మరొకటి. ఏది ఎవరిదో మొదట్లోనే బోర్డు చెబుతుంది. అయినా బండ్లవాళ్ళు అడ్డదారని స్కీబాటలో దూరుతారు. "రెండు నిమిషాల పని, ఎవరు చూడొచ్చారు?" అంటారు. విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

"ముందు పల్లముందక్కా, మెల్లగా!" అని ఆ రోజూ స్కీబాటలో ముందునుంచి అరిచాడు ఓరిన్.

"నీ నత్తనడకకు ఇంకా మెల్లగానా?"

అంతలో మార్లిస్ ఆగిపోయింది. ఎక్కడో ఇంజను.

"ఓరిన్, అది మన బాటలోనేనా?"

"కాదులే, అవతలిది."

చప్పుడు పెరిగింది. చెట్లకు తగిలి నాలుగువైపుల నుంచీ మోగింది. ముందునుంచో వెనకనుంచో తెలియక ఆమె తల అటూ ఇటూ తిప్పింది.

"ఏ పక్కకురా? ఏ పక్కకు?"

"కుడికి! పడిపో అక్కా, పడిపో!"

ఆమె పడిపోయింది. వేడి పెట్రోలు వాసన ముఖాన కొట్టింది. ఫెళ్ళుమని ఏదో విరిగింది. ఇంజను ఆగిపోయింది.

"ఓరిన్!"

జవాబు లేదు. చేతులతో మంచు తడుముతూ ఆమె పాకింది. చెప్పే గొంతు లేకపోతే ఆ అడవిలో ఆమెకు దిక్కే లేదు.

"ఉన్నానక్కా... పడిన దెబ్బకు ఊపిరాడలేదంతే," అన్నాడు చివరికి, చాలా దగ్గర నుంచే.

బండి దేవదారు చెట్టును గుద్దుకుంది. నడిపినవాడు కర్ట్, రోజూ ఆ బోర్డు ముందునుంచే బడిపిల్లల బస్సు తోలే డ్రైవరు. విరిగిన చెయ్యి పట్టుకుని మంచులో కూలబడ్డాడు.

"ఎవరూ ఉండరనుకున్నానమ్మా," అని ఏడ్చాడు.

మార్లిస్ తన మెడ గుడ్డ విప్పి, తడుముతూ అతని చేతికి కట్టింది.

"ఆ బోర్డు నేనెప్పుడూ చూడలేదు నాయనా. నువ్వు రోజూ చూస్తావు. కళ్ళున్న నువ్వు దాన్ని చదివి ఆగితేనే, కళ్ళు లేని నేను ప్రాణాలతో ఇల్లు చేరతాను."