మెత్తబడ్డ తమ్ముడు

నాటకాలు రాసి ఆడించే ఆయనకు బృందంలో సాగదీత సారని పేరు. ముఖం మీద ఎవరూ అనరు గానీ, ఆయనకు తెలియకపోలేదు. హత్య ఒక్కటే అరగంట రాస్తే అనరా మరి! అడిగితే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. కత్తి దూసి పొడిచేస్తే చూసేవాడు ఉలిక్కిపడి ఊరుకుంటాడు. రాబోయే చావు తనకు తెలిసి, చచ్చే మనిషికి తెలియకపోతేనే ఊపిరి బిగబట్టి చూస్తాడు అన్నది ఆయన వాదం.

కొత్త నాటకంలో తమ్ముడు ఇల్లు కాజేయడానికి అక్కకు పాలల్లో విషం కలిపి ఇస్తాడు. అక్క వేషం ఆయన సొంత అక్కదే. తల్లి పోయాక ఆయన్ని పెంచిందీ, ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి చదివించిందీ ఆవిడే. అంత ప్రేమా ఉంది, క్షణం పడనూ పడదు. కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవ నాటకంలో ఆఖరి మాట దాకా పాకేది.

ఆవిడ కడుపునొప్పికి పరీక్షలు చేసిన డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి, ఇక వైద్యం లేదనీ, ఆ సంగతి ఆవిడకు చెప్పమనీ అన్నాడు. ఆయన తలూపి బయటికొచ్చి, అక్కతో "పుండట, మందులు వాడాలట" అన్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రాలేదు, ఆయనకు నోరూ రాలేదు. ఒళ్లు సగమైపోతున్నా వేషం నేనే వేస్తానని ఆవిడ అంటే, కాదనలేకపోయాడు.

ఆ సాయంత్రం రిహార్సల్‌లో ఆవిడ వీపు వెనక దిండు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తమ్ముడి వేషం వేసే బ్యాంకు గుమాస్తా పళ్లు నూరుకుంటూ పాలగ్లాసు తెచ్చాడు.

"ఏమయ్యా, విషం గ్లాసులో ఉందా, నీ మొహంలో ఉందా?" అని విసుక్కున్నాడు సాగదీత సారు. "మెత్తగా ఉండు. నిన్నటిదాకా ప్రతిదానికీ అక్కతో గొడవపడ్డవాడివి. ఇవాళ ఆవిడ ఏమన్నా సరే అక్కా అను. తిట్టినా పడు. నువ్వు మెత్తబడేకొద్దీ చూసేవాళ్లకి చెమటలు పడతాయి. ఆవిడకి మాత్రం ఏమీ తెలియకూడదు."

గుమాస్తా ఈసారి మెత్తబడ్డాడు. అక్క గ్లాసు అందుకుని, తాగబోయి, కిటికీ తెరవమంది.

"సరే అక్కా."

దీపం తగ్గించమంది.

"సరే అక్కా."

చూస్తున్నవాళ్లు కదలడం మానేశారు. ఆవిడ తర్వాతి మాట మాత్రం అనలేదు. గుమాస్తాను వదిలేసి, ఎదురుగా నిలబడ్డ సొంత తమ్ముణ్ణి చూసింది.

"ఒరేయ్, నువ్వు నాతో గొడవపడి ఎన్నాళ్లయిందిరా?"

మధ్యలో ఆపావేంటని అరవాల్సిన మనిషి. "అలిసిపోయావా అక్కా? ఇవాళ్టికి ఆపేద్దామా?" అన్నాడు.

ఆవిడ మొహం పాలిపోయింది. అందరినీ ఇంటికి పొమ్మంది. వాళ్లు వెళ్లాక అడిగింది, "డాక్టరేమన్నాడు?"

ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు.

"ఎప్పుడన్నాడు?"

"ఎండాకాలంలో."

ఆవిడ చలికి శాలువా దగ్గరగా లాక్కుంది. "ఎండాకాలంలో నేను బస్సెక్కగలిగేదాన్ని. మీ చిన్నక్క ఇంటికెళ్లేదాన్ని. దాని పెళ్లిలో నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిట్టింది నేను కదరా. అప్పట్నుంచీ మాటల్లేవు. ఈ పుండు తగ్గాక వెళ్దామనుకుంటున్నా."

"ఇప్పుడే ఫోన్ చేస్తాను. రేపటికల్లా వస్తుంది."

"వస్తుంది. చావబోయేదాన్ని చూడ్డానికి ఏడుస్తూ వస్తుంది. తప్పు నాదేనే అన్నా, ఇప్పుడవన్నీ ఎందుకంటుంది. నేను నా కాళ్ల మీద వెళ్లి దాని గుమ్మంలో నిలబడాలనుకున్నా. అది మొహం మీద తలుపేసినా పడాలనుకున్నా. ఆ రోజులు నావిరా. నన్నడక్కుండా నువ్వెలా వాడేసుకున్నావు?"

"నీ మీద ప్రేమతోనే" అనబోయాడు. తన నాటకంలో తమ్ముడు కూడా పాలగ్లాసు ఇస్తూ అదే అంటాడని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. చిన్నప్పటిలాగే నేల మీద కూలబడి ఆవిడ ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ తల నిమరలేదు. చాలాసేపటికి, "లేవరా, బరువుగా ఉంది" అంది.