నాలుగేళ్ల చెవి

హార్మోనియంలు బాగుచేయడంలో ఆ నాన్న చెయ్యి తిరిగిన పనివాడు. అతను సరిచేసిన పెట్టెకి వంక పెట్టినవాళ్లు లేరు. మొట్టమొదట వంక పెట్టింది నాలుగేళ్ల కూతురే.

వాళ్లమ్మకి ఆసుపత్రిలో పగటి డ్యూటీ పడిన వారం పిల్ల కొట్లోనే ఉంటుంది. నోరు మూతపడదు కాబట్టి అందరికీ పిచిక. ఆ రోజు బల్ల కింద కూర్చుని మేకుల్ని డబ్బా మూతల్లోకి ఏరుకుంటోంది. పైన నాన్న సంగీతం టీచరుగారి పెట్టెలో ఇత్తడి రేకుల్ని ఒక్కొక్కటే గీకి, శ్రుతి సరిచూసి, మెట్లన్నీ వరసగా నొక్కాడు.

"నాన్నా, ఒకటి కిందికి జారిపోయింది."

"మేకా? వెతుక్కో."

"మేకు కాదు. పాట."

అతను నవ్వేసి మూత బిగించాడు.

సాయంత్రం టీచరుగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. వాయించి చూస్తూ ఒక మెట్టు దగ్గర ఆగారు. "ఇది వెంట్రుకవాసి తగ్గినట్టుందండీ."

అతను బల్ల కిందికి చూశాడు. "పొద్దున మా పిల్ల చెప్పింది. నేనే చెవిన పెట్టలేదు."

ఆవిడ బల్ల కిందికి వంగారు. "అమ్మడూ, ఇటు చూడకుండా ఇది పాడు."

ఒక మెట్టు నొక్కారు. పిచిక పాడింది. ఇంకోటి. అదీ పాడింది. ఈసారి మూడు మెట్లు ఒక్కసారే నొక్కారు. పిల్ల చేతిలోని మేకు కింద పెట్టింది. తర్వాత, గుంపులో కలిసిపోయిన ముగ్గుర్ని చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే బయటికి తెచ్చినట్టు, మూడు స్వరాలూ విడివిడిగా పాడింది. "మధ్యదే బావుంది," అని మళ్లీ మేకుల్లో పడింది.

నాన్న పిల్లకేసే చూస్తున్నాడు. అచ్చం తన పోలికే అనుకున్న పిల్ల. ఈ చెవి ఎక్కణ్నుంచి వచ్చింది?

"రేపట్నుంచే పాఠం చెప్పండమ్మా. ఏడాది తిరిగేసరికి పోటీలకి..."

"ఆగండాగండి. మొలకని రోజూ పైకి లాగి చూస్తే పెరుగుతుందా? చేతికందేలా ఒక పెట్టె పెట్టండి. వాయించమనకండి, వద్దనకండి. తనే అడిగిన రోజున నేనొస్తా."

పాత ముక్కలన్నీ జతచేసి అతను పదిహేను రోజుల్లో ఒక బుల్లి పెట్టె చేసి, ఇంట్లో నేలమీద పెట్టాడు. మూడు రోజులు పిల్ల ఒకే మెట్టు నొక్కి వింటూ కూర్చుంది. "ఇంకోటి నొక్కవే" అని అతని నాలుక చివరిదాకా వచ్చింది. భార్య తొడపాశం పెట్టి ఆపింది.

నాలుగోనాడు పిల్ల రెండు చేతులూ మెట్లమీద వేసింది. ఇన్నాళ్లూ ఒక చేత్తో తనే ఆడించుకున్న వెనక గాలితిత్తికి ఇప్పుడు చెయ్యి ఖాళీ లేదు, అతను ఆడించాడు. అది అతనికి తెలిసిన పాట కాదు. ఎవరికీ తెలిసిన పాట కాదు. మెల్లగా దిగి, ఎవరికోసమో నిలబడి చూసి, వాళ్లు రాగానే ఎగిరి గంతేసినట్టుంది. వంటింట్లోంచి తడిచేతులతో వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. అతనికి కళ్లు మసకబారి చెయ్యి నిలిచిపోయింది.

"నాన్నా, గాలి!" కసిరింది పిచిక.

గబగబా ఆడించాడు. కాస్త దూరం వెళ్లి పిల్లే ఆపేసింది.

"ఇక్కణ్నుంచి ఎటెళ్లాలో తెలీట్లేదు. టీచరుగారికి తెలుసా?"

అతను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.